నల్ల అంచు అట్ట

1936వ సంవత్సరం జూలై 9, గురువారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. ఏలూరులో సన్నని జల్లు. సొంత ఖర్చుతో నేను అచ్చు వేయించిన పుస్తకం, అయిదు వందల ప్రతులు, ఒంటెద్దు బండి మీద వచ్చి మా ఇంటి అరుగు మీదికి దిగింది అప్పుడే.

అందులో ఉన్నవి కొల్లేటి నీటిమట్టాల పట్టికలు. పదకొండేళ్లపాటు ప్రతి కార్తెలోనూ పడవలో వెళ్లి, గెడ దించి నేనే కొలిచిన లోతులు. ఏ కార్తెకు నీరు ఎంత ఎక్కుతుందో చూసుకుని సరస్సు ఒడ్డు రైతులు నాట్లు వేసుకోవాలని నా ఉద్దేశం. ఆగస్టు 3న ఆశ్లేష ప్రవేశిస్తుంది. ఆలోగా వారి చేతికి అందకపోతే ఆ ఏటికి నా శ్రమ వృథా. మిగిలినవి ఇరవై అయిదు రోజులు.

అట్ట ఎలా ఉండాలో నిర్ణయించినవాడిని నేనే. తెల్ల కాగితం, నాలుగు వైపులా అర అంగుళం మందాన నల్లగీత, నడుమ నా ఫోటో, దాని కింద నా పేరు, పుట్టిన తేదీ. ప్రూఫు చూపిస్తూ ప్రెస్సు యజమాని నసిగాడు.

“ఏవండీ మాస్టారూ, చుట్టూ ఇంత నలుపెందుకండీ? పువ్వుల అంచుందండీ, ఎర్రసిరాలో వేసేస్తానండీ.”

“పువ్వులు పెళ్లిపత్రికలకండీ. ఇది లెక్కల పుస్తకం.”

ఆయన మర్యాదస్థుడు, నేనన్నట్టే అచ్చు వేశాడు.

కట్ట విప్పగానే మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“వాటిని లోపలికి తేకండి. చావు కార్డుల్లా ఉన్నాయి. పైగా మధ్యలో మీ బొమ్మ!”

నేను స్కేలు తెచ్చి గీతను కొలిచాను. నాలుగు వైపులా సరిగ్గా అర అంగుళమే. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె గుమ్మం వదల్లేదు.

ఆ పై పది రోజులు నాకు కుదురు లేదు. బడి నుంచి వచ్చి అరుగు మీది కట్టలను చూడడం, కూర్చోలేక మళ్లీ వీధిలో పడడం. ఏలూరు, తాడేపల్లిగూడెం దుకాణాలన్నీ తిరిగాను. పోయినవి ఏడు ప్రతులు. ఆ ఏడూ మా బడి ఉపాధ్యాయులు మొహమాటానికి తీసుకున్నవి.

జూలై 19, ఆదివారం, యాభై ప్రతులతో పడవలో మండవల్లి వెళ్లాను. ఒక పెద్ద రైతు ఎదురొచ్చి, పుస్తకం అందుకోకుండానే ఫోటో చూసి నిట్టూర్చాడు.

“పాపం, ఎప్పుడు పోయారండీ?”

“పోలేదండీ. అది నేనే.”

ఆయన నన్నూ ఫోటోనూ మార్చి మార్చి చూశాడు. “మీరేనాండీ! నిండు నూరేళ్లు బతకండీ. మీ మీద ఇంత పగ పట్టినోడెవడండీ?”

ఆ పగవాడిని నేనేనని చెప్పకుండా, పుస్తకం ఆయన చేతిలో పెట్టాను.

చావు కబురు తెచ్చిన కార్డును మావైపు గడప దాటనివ్వరు. వీధిలోనే చదివి చింపేస్తారు. ఆ అలవాటు కొద్దీ ఆయన అట్టను పరపరా చింపి పారేసి, మిగిలిన పుస్తకాన్ని నిలబడే తిరగేశాడు. ఒకచోట వేలు ఆగింది.

“మూడేళ్ల కిందట మఖలో అయిదడుగులని రాశారు. మా గట్టు మునిగింది ఆ కార్తెలోనేనండీ! మా తమ్ముడికీ ఓటి ఇవ్వండి. ఆ అట్ట మాత్రం పీకేసి ఇవ్వండి, మీకు దణ్ణం పెడతాను.”

రేవు మెట్ల మీద కూర్చుని తక్కిన ప్రతుల అట్టలు నా చేతులతోనే చింపాను. మొదటి నాలుగైదూ మెల్లగా, అంచు చెడకుండా లాగాను. తరువాత వేగం పెరిగింది. ఆ పై రెండు వారాల్లో మరికొన్ని కట్టలూ అలాగే చింపి ఒడ్డు ఊళ్లకు పట్టుకెళ్లాను.

ఆశ్లేష ప్రవేశించిన నాటికి తేలిన లెక్క ఇది: అచ్చయినవి అయిదు వందలు. అట్టతో పోయినవి ఏడు. అట్ట చింపాక రైతుల ఇళ్లకు చేరినవి రెండు వందల పన్నెండు. అరుగు మీద మిగిలినవి రెండు వందల ఎనభై ఒకటి.