వయ్యారిభామ ఎరువు

ఆ రోజుల్లో నాకు తెలిసిన సంగతి పదిమందికి చెప్పేదాకా అన్నం సయించేది కాదు. కొత్తగా కొలువులో చేరాను. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి రైతులకు సేంద్రియ ఎరువుల గురించి చెప్పడం నా పని. (బస్తాలో వచ్చేదే ఎరువనుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, అది వేరే సంగతి.) ఎక్కడినుంచో వచ్చి గట్లన్నీ కమ్మేసిన వయ్యారిభామ మొక్కను పూత రాకముందే పీకి, పేడనీళ్లు చల్లి గుంతలో మాగబెడితే మంచి ఎరువవుతుందనీ, చచ్చిన నేలలో సూక్ష్మజీవులు మళ్లీ పుంజుకుంటాయనీ ఊరూరా ఊదరగొట్టేవాణ్ణి.

నమ్మింది ఒక్క పత్తక్కే. భర్త పోయాక రెండెకరాలు కౌలుకు తీసుకుని, పత్తి వేస్తూ ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది. ఆ చేనే ఆమెకు ఆధారం. నేల చూస్తే గడ్డపారకు కూడా లొంగేది కాదు. "చేతులకు కవర్లు కట్టుకో అక్కా, దురద పెడతది" అని ఆమెకు చెప్పి, నేను మాత్రం మొనగాడిలా వట్టి చేతులతో పీకి చూపించాను. సాయంత్రానికి మొహం బూరెలా పొంగి కళ్లు మూసుకుపోయాయి.

"తమ్మీ, నువ్వు జర దవాఖానకు పో. గడ్డి ముచ్చట నేను జూస్కుంట" అంది.

చూసుకుంది కూడా. రెండేళ్లు కూతుళ్లతో కలిసి గుంతలు నింపి, ఆ ఎరువంతా చేనుకు మోసింది. మూడో ఏడు దుక్కికి ముందు తవ్వితే మట్టి నల్లగా, మెత్తగా, వానపాములతో కదులుతోంది. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? వరంగల్ మట్టెవాడలో బట్టల దుకాణం నడుపుకునే భూమి యజమానిని బండి మీద ఎక్కించుకొచ్చి, పిడికెడు మట్టి ఆయన చేతిలో పోసి అరగంట ఉపన్యాసం దంచాను.

ఆయన వాసన చూశాడు. "మస్తుగైంది భూమి. ఈసారి కౌలుకియ్య. నేనే ఎవుసం జేపిస్త."

పత్తక్క ఆయన్ని బతిమాలింది. లాభం లేకపోయింది. ఆయన అటు వెళ్లాక నావైపు తిరిగి, "ఎందుకు తోల్కొచ్చినవ్ తమ్మీ?" అని ఒక్క మాట అడిగింది. తిట్టినా బాగుండేది. ఆ వానాకాలం ఆమె పక్క ఊళ్లో కూలికి పోయింది, పెద్దపిల్ల బడి మానేసింది. సిగ్గుతో ఆ దారిన వెళ్లడమే మానుకున్నాను.

ఇప్పుడు కౌలు చేలు ఎంత బాగుపడినా, యజమాని ఎదురైతే "ఏం నేలండీ, రాయి నయం" అని మొహం చిట్లిస్తాను. నా నటనకు నాకే నవ్వొస్తుంది. ఇంత చక్కటి అబద్ధం నాకు ఇరవై మూడేళ్లున్న ఆ రోజుల్లోనే నోటికొచ్చి ఉంటే ఎంత బాగుండేది!