గుట్ట మీద ఎర్ర రిబ్బన్లు

ఒక ఆదివారం పొద్దున్నే ఖమ్మం నుంచి ఏడెనిమిది మంది మా ఊరికి దిగారు. నెత్తిన టోపీలు, వీపున బ్యాగులు. గుట్ట మీద పాత బొగ్గుబాయి తాలూకు ఇటుకల పొగగొట్టం, అప్పటి ఇంజను నిలిపిన గద్దె ఉన్నాయట, చూసి పోతామన్నారు. కూలిన ఇటుకలు చూడ్డానికి ఇంత పెట్రోలు తగలేసుకుని ఎవరైనా వస్తారా? నేను నమ్మలేదు.

ఆ గొట్టానికి పోయే బాట మా అత్త చేనులోంచే. పెళ్లయి వచ్చిననాటి నుంచి గుట్ట వాలున అడవి కొట్టి ఆమె సాగు చేసుకుంటున్న పోడు అది. పట్టా ఇంకా రాలేదు. అది పోతే మా ఇంటికి కూలి తప్ప గతి లేదు.

"ఎంబడి పో. ఏం కొలుస్తరో చూడు" అని అత్త నా చెవిలో వేసింది. అంగన్‌వాడీ టీచర్‌ని కాబట్టి వాళ్ల ఎత్తులు నాకు తెలుస్తాయని ఆమె ధీమా.

"నేను గూడ వస్త సారూ, ఎన్నడూ చూడలే" అని అబద్ధమాడి వెనక నడిచాను. దారికి వాళ్ల దగ్గర ఫోనులో మ్యాపు ఉందట.

చేను దాటగానే వాళ్లలో పెద్దాయన, రిటైరైన బ్యాంకు సారు, జేబులోంచి ఎర్ర రిబ్బను తీసి తునికి చెట్టుకు కట్టాడు. కాస్త దూరం పోయాక ఇంకొకటి. మా వైపు చెట్టుకు ఎరుపు పడిందంటే హద్దు పడినట్టే. మా పక్కింటివాళ్ల చేను దగ్గర ఎవరో అట్లాగే ఎర్ర గుర్తులు పెట్టిపోయారు. వానలు పడేలోపు ఫారెస్టువాళ్లు వచ్చి ఆ వరసనే కందకం తవ్వారు. చేను అవతలికి పోయింది, మళ్లీ వాళ్లు అందులో నాగలి పెట్టలేదు.

ఓహో, ఇదా మీ ఇటుకల ముచ్చట! ఒళ్లు మండిపోయింది. వాళ్లు ముందు కట్టుకుంటూ పోతే నేను వెనక విప్పుకుంటూ పోయాను. అన్నీ కొంగున మూటగట్టాను.

పైకి పోయాక మాత్రం ఎవరూ టేపు తియ్యలేదు. గొట్టాన్ని చేత్తో నిమిరారు. ఇంజను గద్దె మీద కూర్చుని పులిహోర తిన్నారు, నాకూ పెట్టారు. "అక్కా, ఈ ఇటుకలు ఎంత మంచిగున్నయో చూడు" అని ఒకామె మురిసిపోయింది. ఇంత మంచిగా ఉన్నారంటే ఇంకేదో ఉందనిపించింది నాకు.

దిగేటప్పుడు బాట చీలిన చోట పెద్దాయన చెట్టు చెట్టూ వెతికాడు. "రిబ్బన్లు ఏమైనయి? ఫోనుకు సిగ్నల్ లేదు. దారి కోసమని కట్టిన, ఇప్పుడెట్ల పోవుడు?"

దారి కోసమా! సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కొంగు విప్పి చూపించాను. "హద్దు అనుకున్న సారూ." అందరూ పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. రిబ్బన్లన్నీ ఆయన చేతిలో పెట్టి, వాళ్లను నేనే కిందికి దించాను.

అత్త చేనులో కలుపు తీస్తోంది. పెద్దాయన ఆగి ఆప్యాయంగా అన్నాడు. "ఇంత మంచి జాగ ఎవరికీ తెల్వదమ్మా. తెలిసినోళ్లతోని మాట్లాడి, పాత బాయి అని ఈడ ఒక బోర్డు పెట్టిస్త. జనం వస్తరు."

అత్త వంచిన నడుము ఎత్తింది. "బోర్డు యాడ పెడతరు సారూ? మా చేనుకు ఇవతలనా, అవతలనా?"

"ఎటైతే ఏందమ్మా!" అని నవ్వాడాయన.

మంచివాడే. బోర్డు వెనకే హద్దు వస్తుందని ఆయనకు తెలియదు. అందుకే ఇంకా భయం వేసింది. "ఆ రిబ్బన్లు ఇటియ్యుండ్రి సారూ" అన్నాను. పిల్లల జడలకనుకున్నాడేమో, సంతోషంగా ఇచ్చేశాడు. ఆ సాయంత్రమే అన్నీ పొయ్యిలో వేశాను.