మావగారి కళ్ళకు గంతలు

ఎదుటివాళ్ళ ఆలోచనలో తప్పు పట్టందే కోడలితో కలిసి బేకరీ నడిపే ఆ మావగారికి కాఫీ గొంతు దిగదు. మెదడు మనల్ని ఎన్ని రకాలుగా బోల్తా కొట్టిస్తుందో చెప్పే పుస్తకాలు చదివీ చదివీ ఇలా తయారయ్యారు. ఏ పుస్తకం తెరిచినా మైదా రాలుతుంది. ఆయన దృష్టిలో లోకానికి ఉన్న జబ్బు ఒక్కటే: మెదడు మోసం.

"నేనొచ్చేసరికి ఎప్పుడూ బన్నులు అయిపోతాయండీ" అంది ఓ టీచరమ్మ.

"మెదడు మోసం! దొరకని రోజులే గుర్తుంటాయి, దొరికిన రోజులు మర్చిపోతారు."

"సరే, ఇవాళ ఉన్నాయా?"

"లేవు."

ఆయన వానలో తడిసొచ్చిన రోజు భార్య, అంటే అత్తగారు, "గొడుగు తీసుకెళ్ళమని ముందే చెప్పానా?" అంటే, "జరిగిపోయాక అందరికీ ముందే తెలిసినట్టుంటుంది. మెదడు మోసం!" అన్నారు. "మరి తుమ్ముతున్నది మెదడా, ముక్కా?" అందావిడ.

ఈ మనిషిని కోడలు ఓ కోరిక అడిగింది. ఏళ్ళ తరబడి షాపులో ముందు అర ఆయన పాల బ్రెడ్డుదే. ఆ బ్రెడ్డే ఆమె తన పద్ధతిలో, పిండిని ఎక్కువసేపు పొంగనిచ్చి చేస్తుంది. అక్కడ తనది పెట్టుకోవాలని ఏడాదిగా ఆశ.

"నేను చేసింది నాకు ముద్దుగానే ఉంటుందమ్మా, అదీ మెదడు మోసమే" అన్నారాయన. "నా కళ్ళకి గంతలు కట్టి రెండూ తినిపించండి. నీది గెలిస్తే అర నీది. ఓడితే మళ్ళీ ఆ మాటెత్తకూడదు."

మర్నాడు అత్తగారు తువ్వాలు బిగించి కట్టింది. మొదటి ముక్క తిని "ఊఁ" అన్నారు. రెండోది నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశారు. అంతలో ఆయన తడుముకుంటూ ఇంకో ముక్క అందుకున్నారు. ఇంకోటి. చూస్తుండగానే బ్రెడ్డంతా లాగించేశారు.

"మాకో ముక్కైనా ఉంచరా?" అని అత్తగారు చెయ్యి చాపితే నెట్టేశారు. "ఇదే గెలిచింది! ఎవరూ ముట్టుకోకండి!"

కోడలికి కాళ్ళు నేల మీద ఆగలేదు. పాటందుకుని బల్ల తుడవబోయింది. కత్తికి అంటుకున్న తునక నోట్లో వేసుకుంది. పాట ఆగిపోయింది. చప్పగా ఉంది! కంగారులో పిండిలో ఉప్పే వెయ్యలేదు. తిన్నగా మావగారి దగ్గరికెళ్ళింది.

"మావయ్యగారూ, నా బ్రెడ్డులో ఉప్పు లేదు."

"తెలుసు."

"మరి దాన్నెలా గెలిపించారు?"

"ఏడాదిగా నీ బ్రెడ్డు తింటున్నాను. నాదానికన్నా బాగుంటుంది. ఒప్పుకోడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది. ఒక్కరోజు ఉప్పు మర్చిపోయావని నీకు పని రాదనేస్తే, అది మెదడు మోసం."

"కళ్ళకి గంతలున్నాయి కదా, నాదని ఎలా తెలిసింది?"

ఆయన పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "తువ్వాలు కింద సందులోంచి, రెండో ముక్క అందిస్తున్న నీ చేతులు కనిపించాయిలే. గడగడా వణుకుతున్నాయి పాపం."

"అయితే అది పక్షపాతం కాదా?" కోడలికి నవ్వాగలేదు, కళ్ళలో నీళ్ళూ ఆగలేదు.

"పచ్చి పక్షపాతం" అన్నారాయన దర్జాగా. "రేపట్నుంచి అర నీది, ఉప్పు మాత్రం వెయ్యి. ముందు మీ అత్తయ్య చూడకుండా కాస్త ఆవకాయ ముక్క తెచ్చిపెట్టు తల్లీ, నా నోరు చచ్చిపోయింది!"