ఎనభై ఆరు డబ్బీలు, ఎనభై ఏడు గింజలు

నాకు సర్దుడు పిచ్చి. ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బంటారు. ఆ జబ్బు ఎంత పని చేసిందో ఈ ప్రయాణానికి బయల్దేరేటప్పుడు నాకు తెలియదు. మా మేనమామ కొత్తగూడెంలో బొగ్గుగని గుమాస్తా. సెలవు దొరికితే చాలు, కెమెరా భుజానేసుకుని భద్రాచలం అవతలి అడవుల్లోకి వెళ్లిపోయేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఆయన పోయాక నా దగ్గరికి వచ్చింది ఒక ఇనప్పెట్టె, అందులో ఎనభై ఆరు ఫిల్ము డబ్బీలు. అన్నీ పిట్టలు, వాగులు, చెట్ల మీది మంచు. ఖమ్మంలో ఒక కాలేజీ వాళ్లు వాటిని స్కాన్ చేసి భద్రపరుస్తామన్నారు. షరతు ఒకటే. ఏ రోలు ఎక్కడ, ఏ కాలంలో తీసిందో రాసివ్వాలి, రాయని రోలు తీసుకోరు, సోమవారం ఆఖరు. మామయ్య డబ్బీ మూతల మీద వరుసగా అంకెలు వేశాడే గానీ ఇంకో ముక్క రాయలేదు. ఆయన్ని అడవంతా తిప్పిన జోగయ్య కూడా రెండేళ్ల కిందట పోయాడు. జోగయ్య భార్య ముత్తమ్మకు ఏమైనా గుర్తుంటుందేమోనని ఆదివారం పొద్దున ఏడు గంటల బస్సెక్కాను.

కొత్తగూడెం నుంచి పాల్వంచ మీదుగా భద్రాచలానికి గంటంపావు పట్టింది. ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. బ్రిడ్జి మీదికి రాగానే బస్సులో అందరూ కిటికీల వైపు వంగారు. గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది. మొదటి హెచ్చరిక రాత్రే ఇచ్చారట. స్టాండు పక్కన నాలుగు ఇడ్లీలు తిని ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ పన్నెండు వందలు. డ్రైవరు సైదులు బేరం ఆడలేదు గానీ షరతు పెట్టాడు.

"పన్నెండింటికి మర్లాలె అక్కా. వాగు మోరి మీదికెక్కితే నాలుగు రోజులు ఆడ్నే ఉంటవ్."

"రేపు నాకు ఖమ్మంలో పనుంది తమ్ముడూ. నేనెందుకుంటా?"

"వాగుకు ఎరికనా నీకు పనుందని?" అన్నాడు కిక్కు కొడుతూ.

దుమ్ముగూడెం రోడ్డు మీద గంట, ఆ తర్వాత అడవిలోకి చీలిన బురద దారిలో ఇంకో అరగంట. సైదులు చెప్పిన మోరి, అంటే వాగు మీది కల్వర్టు, దాటేటప్పుడు నీళ్లు రెండడుగుల కింద ఉన్నాయి. ఊరు చేరేసరికి పదీ ఇరవై. ముత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మామయ్య పేరు చెప్పగానే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కోడలితో కోయ భాషలో ఏదో చెప్పి చాయ పెట్టించింది. వచ్చిన పని చెప్పాను. ఆమె నవ్వేసింది.

"గంతేనా? డబ్బీల్ల గింజలున్నయి గద బిడ్డా. అవి జూస్తె తెల్వదా?"

గ్లాసు కింద పెట్టేశాను. గింజలు! ప్రతి డబ్బీ అడుగున ఒక ఎండుగింజ ఉన్న మాట నిజమే. ఎలుకలు తెచ్చిపెట్టిన చెత్త అనుకున్నాను. పోయిన నెల కూర్చుని, డబ్బీలన్నీ దులిపి, తుడిచి, గింజలన్నీ చెత్తబండిలో పోశాను. దాచి లాభం లేదు, ఉన్నదున్నట్టు చెప్పాను.

"పారబోసినవా? గింజలను?" ముత్తమ్మ ముఖంలో నవ్వు పోయింది. "గింజ పారబోస్తరా ఎవరన్న? ఆ దినం ఏ చెట్టు కింద కూసుంటే ఆ చెట్టు గింజ ఏరి ఏసెటోడు మా జోగయ్య. గింజ జూస్తె జాగ తెలుస్తది, రాలిన కాలం తెలుస్తది. సదువు రానోడు, ఇంకేం జేస్తడు?"

నాకు తల ఎత్తాలనిపించలేదు. మామయ్య ముప్పై ఏళ్ల పని నా చేతులతో నేనే చెరిపేశాను. ఆమె లేచింది. పొయ్యి మీది అటకలో, విత్తనాల బుర్రల పక్క నుంచి పొగచూరిన నులక దండ ఒకటి దించింది. దాని నిండా గింజలు.

"డబ్బీల ఒకటి, దీనికొకటి. రెండేసి ఏరెటోడు. రాసుకో జల్దీ."

ముడి ఉన్న కొస మొదటిది, అక్కడి నుంచి డబ్బీల అంకెల వరుసే. ఆమె ఒక్కో గింజనూ వేలితో తుడిచి, కొన్నిటిని వాసన చూసి చెబుతోంది. "తునికి. గుట్ట ఎనక, ఎండలు ముదిరినంక. ఇది చిల్ల, చలికాలం, పెద్దమడుగు కాడ. ఇది ముష్టి చెట్టుది." నేను గీకుతూనే ఉన్నాను. బయట వాన మళ్లీ అందుకుంది. అరవై ఒకటో గింజ దగ్గర ఆటో హారను ఆగకుండా మోగింది.

"అక్కా, నీళ్లు మోరిని తాకినయంట! వస్తవా, నన్ను పొమ్మంటవా?"

"అవ్వా, దండ నాకియ్యి. వరద తగ్గినంక తెచ్చిస్తా."

"ఒద్దు. మా ఇంటి గింజ వాగు దాటదు." ఇంకా ఇరవై అయిదు ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ముత్తమ్మ నా వంక చూసి, దండను చెంగులో చుట్టుకుని, వచ్చి ఆటోలో కూర్చుంది. "నడువు. మోరి దాక చెప్త."

ఆ రెండు కిలోమీటర్లు జన్మలో మరచిపోను. ఆటో గుంతల్లో ఎగిరిపడుతోంది, ఆమె అరిచి చెబుతోంది, నా రాత కుక్కలు చింపిన విస్తరిలా ఉంది. "రేల! కానుగ! ఇప్ప!" వాగు దగ్గరికి వచ్చేసరికి కల్వర్టు మీద పలచగా నీళ్లు పారుతున్నాయి. ఎనభై ఆరోది చెప్పేసి ముత్తమ్మ దిగింది. దండ కొసన ఇంకో గింజ కనబడింది.

"అవ్వా, అదేంది? డబ్బీలు ఎనబై ఆరే గద?"

"ఇప్పగింజ. మీ మామ పోయిండని కబురొచ్చిన దినం. ఆ దినం గూడ మా జోగయ్య అడివికి పోయిండు, ఒక్కడే. వచ్చి గుచ్చిండు."

సైదులు ఇంక ఆగలేదు. నీళ్లు చక్రాలను పక్కకు నెడుతుంటే, నోట్‌బుక్కును తలమీద పట్టుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఇవతలి ఒడ్డున ఉన్నాం. అవతల ముత్తమ్మ చెంగును గుండెకు అదుముకుని, మేం దాటామో లేదోనని ఇంకా వానలో నిలబడి చూస్తోంది.

నా శుభ్రం మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇన్నేళ్లూ ఆ ఫొటోలు మామయ్య ఒక్కడివే అనుకున్నందుకు సిగ్గు కూడా వేసింది. ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒకటే చెబుతాను. వానాకాలం భద్రాచలంలో దిగగానే గోదావరి మట్టంతో పాటు మీరు దాటాల్సిన వాగు సంగతీ ఆటోవాళ్లను అడగండి, వాళ్లు చెప్పిన గంటకు తిరిగి రండి.

సోమవారం కాలేజీలో కంప్యూటరు ముందున్న అమ్మాయి నా పట్టికంతా చూసి, చివరి వరుస దగ్గర ఆగింది.

"మేడం, ఎనభై ఏడుకి చెట్టు పేరుంది, రోలు లేదేంటి?"

"లేదమ్మా. ఆ రోజు ఫొటో తీసే మనిషి లేడు. వరుస మాత్రం ఉంచు."