దుప్పి చావు కబురు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను అటవీ శాఖలో గుమాస్తాను. అమ్రాబాద్ అడవిలో దుప్పులు తగ్గిపోయాయని, వనపర్తిలో ఒక తోటలో పెంచిన పన్నెండింటిని తెచ్చి అక్కడ వదిలారు. ఏడాది తర్వాత ఎన్ని బతికున్నాయో చూసి రమ్మని నన్ను పంపారు. వాటిని కనిపెట్టుకుని ఉండే పని ఈదమ్మ అనే చెంచు ముసలమ్మది.

పొద్దున్నే ఆమె నన్ను చెలమ దగ్గరికి తీసుకుపోయి, తడి మట్టిలో గిట్టల గుర్తులు చూపిస్తూ పదకొండింటి లెక్క చెప్పింది. తర్వాత ఒక రాళ్ల కుప్ప దగ్గర ఆగింది.

"పన్నెండోది ఈడున్నది దొరా. మొన్న అడివి రేసుకుక్కలు కొట్టినయి. మిగిలింది నేనే పూడ్చిన."

అది కరువు కాలం. ఆ పూట ఆమె వేరే తిండి లేక, పులుపు విరగడానికి చింతపండులో బూడిద కలుపుకుని తినడం చూశాను. "ఆ మాంసం తినలేదా అవ్వా?" అని అడిగాను.

"గదెట్ల తింట? మా అడివిని నమ్మి ఇడిచిపోయిన్రు. మా ఇంటి కోడలు లెక్క." నా వైపు తిరిగి, "దాని పుట్టింటోళ్లకు కబురు చెప్పిన్రా?" అంది.

నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాను. నా కాగితం మీద నేను రాసుకున్నది "ఒకటి తక్కువ" అని మాత్రమే.

తిరుగు ప్రయాణంలో వనపర్తిలో దిగాను. ఆ దుప్పులను పెంచిన ముసలి తోటమాలిని వెతికి పట్టుకుని విషయం చెప్పాను. ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"మన్ను ఎవరు ఏసిన్రు సారూ?" అని అడిగాడు.

ఈదమ్మ పేరు చెప్పాను. ఆయన లేచి, అమ్రాబాద్ దిక్కుకు తిరిగి చేతులు జోడించాడు.