పద్నాలుగు గళ్ళలో ‘బాగుంది’

మొన్న గుడివాడ బస్టాండులో నా పక్కన కూర్చున్నావిడ దగ్గర గుప్పున పౌడరు వాసన వచ్చింది. ఎండకు రాసుకునేంత కాదు, ఏదో దాచడానికి రాసుకున్నంత. వెంటనే కరుణమ్మ టీచరుగారు గుర్తొచ్చారు. పోయి రెండేళ్ళయినా ఆవిడ మీద నా విసుగు ఇంకా పూర్తిగా చల్లారలేదు.

మా పక్కింట్లోనే ఉండేవారు. నాకు అక్షరాలు దిద్దించిందీ, చర్చిలో అందరి ముందూ నిలబెట్టి వాక్యం చదివించిందీ ఆవిడే. “రాని ప్రశ్నకి రాదని రాయవే. నింపితే మార్కులొస్తాయా?” అని నెత్తిన మొట్టేవారు. అంత నిక్కచ్చి మనిషి, రిటైరయ్యాక చర్చికి రావడం తగ్గించారు. వచ్చినా ఒంటినిండా పౌడరు రాసుకుని గుమ్మం పక్కనే కూర్చునేవారు. ముందురోజు నుంచీ ఏమీ తినేవారు కాదు. అడిగితే ఉపవాస ప్రార్థన అనేవారు. సంఘమంతా ఆవిడ భక్తిని మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. ఒకసారి ముదినేపల్లి నుంచి ఇద్దరం ఆటోలో వస్తుంటే ఆవిడ చీర పాడైంది. అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి. నాలుగేళ్ళుగా మలం ఆగడం లేదట.

బతిమాలి విజయవాడలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. మందులకూ వ్యాయామాలకూ తగ్గకపోయేసరికి అక్కడి కుర్ర డాక్టరు మరో దారి చెప్పారు. నడుము కింద, మలద్వారాన్ని అదుపు చేసే నరం పక్కన సన్నటి తీగ పెడతారు. చిన్న పెట్టె నుంచి దానికి కొద్దిగా కరెంటు అందుతుంది. రెండు వారాలు చూసి, పనిచేస్తే చర్మం కింద బ్యాటరీ అమరుస్తారు. అయితే ముందుగా పద్నాలుగు రోజులు, ఏ రోజు ఎన్నిసార్లు ఆపుకోలేక అయిపోయిందో గళ్ళ కాగితం మీద రాసుకు రావాలి.

మళ్ళీ వెళ్ళాం. “ఎలా ఉన్నారమ్మా?” అన్నారు డాక్టరు.

“దేవుని కృపను బట్టి బాగున్నానండి.”

ఆయన కాగితం చూశారు. పద్నాలుగు గళ్ళలోనూ ముత్యాల్లాంటి అక్షరాలతో ‘బాగుంది’ అని ఉంది.

“బాగుంటే ఇక తీగ ఎందుకమ్మా?”

“నేనూ అదే అంటున్నానండి,” అని టీచరుగారు లేవబోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “రోజుకి మూడు చీరలు ఉతుక్కుంటున్నారండీ. ఆటోలో కూడా అయిపోయింది,” అనేశాను. తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీదివాళ్ళు ఇటు తిరిగి చూశారు. గుడివాడ దాకా ఆవిడ తల వంచుకునే కూర్చున్నారు. నిజమే కదా చెప్పానని సర్దిచెప్పుకోబోయాను గానీ, వంచిన ఆ తల చూస్తే నామీద నాకే సిగ్గేసింది.

మర్నాడు ఆ కాగితాన్నే ఆవిడ బల్ల మీద పెట్టి, వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. తిరిగొచ్చేసరికి పద్నాలుగు ‘బాగుంది’లూ ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉన్నాయి. పక్కన అంకెలు. రెండు, మూడు, ఒకటి, నాలుగు.

“ఇన్నీ ఎలా గుర్తున్నాయండీ?”

“మర్చిపోయేవా అవి?” అని కళ్ళు తుడుచుకుని టీ అందుకున్నారు.

తీగ పనిచేసింది. బాధ పూర్తిగా పోలేదు, కానీ వారానికి ఒకసారికి తగ్గింది. “లోపల ఎవరో వేలితో తడుతున్నట్టుంటుందే,” అనేవారు. బ్యాటరీ పెట్టించుకున్న మరుసటి నెల చర్చి భోజనాల్లో కూర్చుని రెండోసారి పప్పు వేయించుకున్నారు. ఏం ఆపరేషనని పక్కావిడ అడిగింది. “మలం ఆగేది కాదమ్మా. నరానికి కరెంటు పెట్టారు,” అన్నారు, పాఠం చెప్పే గొంతుతో. వరస మొత్తం తినడం ఆపేసింది. ఆ వారంలోనే ఇద్దరు ఆడవాళ్ళు విడివిడిగా ఆవిడ ఇంటికి వచ్చారు.

ఆవిడ పోయాక అలాంటివాళ్ళు నా దగ్గరికి వస్తున్నారు. బందరు నుంచీ, అవనిగడ్డ నుంచీ కూడా. “కాస్త గ్యాసండీ,” అని మొదలుపెట్టి గంటసేపు మాటల్లో అక్కడక్కడే తిరుగుతారు. నాకు విసుగొస్తుంది. ఒకప్పుడైతే గద్దించేదాన్ని. ఇప్పుడు కాగితం, పెన్ను వాళ్ళ ముందు పెట్టి, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్తాను. పొయ్యి మీద పాలేమీ ఉండవు. వాళ్ళు రాసేదాకా అక్కడే నిలబడతాను.