అరవై నాలుగు కప్పులు

మూడంతస్తుల బీమా ఆఫీసులో ఆమెను అందరూ టీ అక్క అనేవారు. పొద్దున పదిన్నరకూ మధ్యాహ్నం నాలుగింటికీ అరవై నాలుగు మందికి టీ అందించడం పన్నెండేళ్లుగా ఆమె ఉద్యోగం. వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు. అలా పిలిస్తే రెండు చుక్కలు ఎక్కువ పోస్తుందని వాళ్ల నమ్మకం.

ఒక సోమవారం మేనేజరు అందరినీ హాల్లోకి పిలిచి, ఇకమీదట వాడి పారేసే ప్లాస్టిక్ కప్పు ఆఫీసులో కనపడకూడదన్నాడు. సముద్రంలో తాబేళ్ల గురించి గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాడు. అందరూ చెయ్యి చాచి ప్రమాణం చేశారు. మర్నాడు అరవై నాలుగు పింగాణీ కప్పులు దిగాయి. తాబేళ్ల కష్టాలు తీరాయి, టీ అక్క కష్టాలు మొదలయ్యాయి.

వంటగదిలో ఉన్నది ఒకటే కుళాయి, అదీ సన్నధార. కప్పులేమో రోజుకు నూట ఇరవై ఎనిమిది. వారం తిరిగేసరికి ఆమె వేళ్లు నానీ నానీ పొరలు లేచాయి. "నువ్వు చేస్తున్నది ఎంత గొప్ప పనో నీకు తెలీదక్కా" అని క్యాషియరు రోజూ మెచ్చుకుంటూ, అడుగున బిస్కెట్టు ముక్క నానిన కప్పును ఆమె చేతిలో పెట్టేవాడు.

పదో రోజు ఆమె మేనేజరు గదికి వెళ్లింది.

"సార్, ఆ రోజు ప్రమాణం చేసిందెవరు?"

"అందరం చేశాం కదమ్మా."

"నేను చెయ్యలేదు సార్. అప్పుడు టీ కాస్తున్నాను. కడిగేది మాత్రం నేనొక్కదాన్నే."

ఆయన కాసేపు ఆలోచించాడు. "అయితే నీచేత కూడా ప్రమాణం చేయిద్దాం" అన్నాడు.

ఆమె వాదించలేదు. మర్నాడు కప్పుల మీద ఎవరి పేర్లు వాళ్లచేత రాయించి, "ఎవరి కప్పు వాళ్లే కడుక్కోండి. మురికి కప్పులో టీ పొయ్యను" అని చెప్పేసింది.

దాంతో రెండో అంతస్తు వాళ్లు మొదటి అంతస్తులోని కడిగిన కప్పులు ఎత్తుకెళ్లడం మొదలుపెట్టారు. బీరువాల్లోంచి ఫైళ్లు బయటికొచ్చి కప్పులు లోపలికెళ్లాయి. క్యాషియరు తనకు టీ పడదని డాక్టరు చెప్పాడన్నాడు. ఆ సాయంత్రమే సందు చివర బడ్డీకొట్టు దగ్గర ప్లాస్టిక్ కప్పుతో ఆమె కంటపడ్డాడు.

"డాక్టరుగారు ఇక్కడే కూర్చుంటారా?" అంది.

మర్నాటినుంచి బుద్ధిగా కప్పు తోముకుని తెచ్చుకున్నాడు.

మేనేజరు బింకంగా మూడు రోజులు టీ మానేశాడు. నాలుగో రోజు తలనొప్పి తట్టుకోలేక కప్పు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ పీచు ఏ వైపుతో తోమాలమ్మా?"

"గరుకు వైపుతో సార్."

ఆయన ఎంత శ్రద్ధగా తోమాడంటే కప్పు కుళాయికి తగిలి పిడి ఊడింది.

"పర్లేదు సార్, మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది" అని అందులోనే టీ పోసింది. వేళ్లు కాలుతున్నా మొహంలో కనపడనివ్వకుండా ఆయన తన గదికి నడిచాడు.

నెల తిరక్కుండానే సగంమంది రెండో పూట టీ వద్దన్నారు. ఉద్యోగుల్లో ఆరోగ్య స్పృహ పెరిగిందని మేనేజరు పైవాళ్లకు నివేదిక రాశాడు. టీ అక్క చేతులు నయమయ్యాయి. నాలుగున్నరకల్లా పని తెమిలిపోతుండటంతో ఒక కుర్చీ తెచ్చి కిటికీ పక్కన వేసుకుంది. ఆ ఉద్యోగంలో చేరాక మొదటిసారి, తన టీ వేడిగా ఉండగానే కూర్చుని తాగింది.